పెద్ద విషయమేం కాదు

అక్టోబరు 3, మంగళవారం

మళ్లీ డైరీ మొదలుపెట్టాను. కారణమేం లేదు. సొరుగు సర్దుతుంటే ఖాళీ పుస్తకం కనిపించింది, అంతే.

మా ఫిష్ అండ్ చిప్స్ కొట్లో విశేషాలేం లేవు. పొద్దుటి నుంచి వాన. హడాక్ చేప మంచిది వచ్చింది. మధ్యాహ్నం జనం పల్చబడ్డాక మా అన్నయ్య నెవిల్ బఠాణీలు కలుపుతూ, గరిటెతో మాట్లాడుతున్నట్టు దానివైపే చూస్తూ అన్నాడు: "హల్ పట్నం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. కొట్టు కొంటుందట."

"ఏ కొట్టు?" అన్నాను. మాకేదో పది కొట్లున్నట్టు.

"ఇదే. పెద్ద విషయమేం కాదనుకో. ఊరికే చెప్పా. నీకెలా అయితే అలా."

నేను కౌంటరు తుడుస్తున్నాను. తుడిచిన చోటే మళ్లీ తుడిచాను. "నాకేం పట్టింపు లేదు. నీకో?"

"నాకూ అంతే."

ఇంతలో ముగ్గురు వచ్చారు. రెండు కాడ్ చేపలు, ఒక బంగాళాదుంప ప్యాటీ, అందరికీ చిప్స్. మాట అక్కడితో ఆగిపోయింది. నాన్న పెట్టిన కొట్టు. ఆయన పోయినప్పటి నుంచి మేమిద్దరమే నడుపుతున్నాం. అన్నయ్య వేయిస్తాడు, నేను ఉప్పు, వెనిగర్ చల్లి పొట్లాలు కడతాను. దాని గురించి మేమిద్దరం మాట్లాడుకున్నది మొత్తం పైన రాసినంతే.

అక్టోబరు 4

నాకు నిజంగానే పట్టింపు లేదు. నిన్న రాసింది చదువుకుంటే ఉన్నట్టు అనిపిస్తోంది, అందుకని ఇది రాస్తున్నాను.

అక్టోబరు 7, శనివారం

నెవిల్‌కి అమ్మేయాలనే ఉందన్నమాట. లేకపోతే ఆ మాట ఎత్తడు. మా నెవిల్ ఒక మాట బయటికి అన్నాడంటే లోపల నెల రోజులు నానబెట్టి ఉంటాడు. అరవై ఆరేళ్లు. పెళ్లి చేసుకోలేదు, కొట్టు మీది గదుల్లోనే ఉంటాడు, పొద్దున్నే దిగి తలుపు వేసుకుని చేపలు ముంచి వేయించే పిండి కలుపుతాడు. ఆ పిండిలో ఏం కలుస్తుందో ఇన్నేళ్లలో నాకు కూడా చూపించలేదు. నేను వెళ్లేసరికి బకెట్ మీద తడిగుడ్డ కప్పి ఉంటుంది. అలసిపోయి ఉంటాడు పాపం. అలసిపోయానని చెప్పే మనిషి కాదు.

నాకు మాత్రం ఏముంది? విడాకులైపోయాయి, పిల్లి ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి. ఆగస్టు సెలవు రోజు క్యూ లైట్‌హౌస్ దాకా ఉన్నప్పుడు నేనే అన్నాను కదా, ఈ కొవ్వు వాసన జుట్టులోంచి చచ్చేదాకా పోదు, ఎవరైనా కొట్టు కొనేసుకుని పుణ్యం కట్టుకుంటే బావుణ్ణు అని. అందరూ నవ్వారు. నెవిల్ నవ్వినట్టు గుర్తు లేదు. చేతిలో చేప ఉంది తనకి.

జనాన్ని వదిలితే, మా కొట్లో ఉన్నది మహా అయితే ఒక పొయ్యి, నాలుగు బాణళ్లు, గోడకు ఒక గడియారం. తల్చుకుంటే నవ్వొస్తుంది.

అక్టోబరు 12, గురువారం

ఈ రోజు ఒకటి చూశాను. చూసింది చూసినట్టు రాసుకుంటాను.

వెనక గదిలోకి వెనిగర్ కోసం వెళ్లాను. నెవిల్ బంగాళాదుంపల బస్తాల దగ్గర నిలబడి, రెండు చేతులతో తొట్టి అంచు పట్టుకుని, తల బాగా కిందికి వంచి ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఊపిరి అందనివాడిలా ఉన్నాడు.

"నెవిల్? ఏంటి?"

"ఏం లేదు."

"మొహం ఎర్రగా ఉంది."

"ఉల్లిపాయలు." నిజమే, పక్కనే వెనిగర్‌లో ఊరేసిన ఉల్లిపాయల జాడీ ఉంది. మూత పెట్టే ఉంది.

"కూర్చో కాసేపు."

"గోల చెయ్యకు, గ్లెండా. ఏం లేదన్నాగా. వెళ్లు, బయట జనం ఉన్నారు."

వెళ్లాను. జనం ఉన్నారు మరి.

అక్టోబరు 13

నాన్న కూడా "ఏం లేదు" అన్నాడు. పొద్దున ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "కాస్త గ్యాస్, అంతే" అని వ్యాను ఎక్కి హల్ చేపల రేవుకి బయల్దేరాడు. దారిలో వ్యాను పద్ధతిగా పక్కకు ఆపి, ఇంజను కట్టేసి, పోయాడు. ఎవరికీ అడ్డం కాకుండా.

అమ్మ ఆ రోజు కబురు తెచ్చిన పోలీసాయనతో, "అంత దూరం వచ్చారు, మీకు శ్రమ ఇచ్చాం" అంది. నాకు ఇప్పటికీ ఆ మాట తల్చుకుంటే కోపమో ఏడుపో తెలియదు.

నెవిల్‌ది గుండె. అందుకే అమ్ముతున్నాడు. చెప్పడు, చస్తే చెప్పడు. కాబట్టి నేను అడ్డం పడకూడదు. రేపే తనతో చెప్తాను, అమ్మేద్దాం అని, సంతోషంగా ఉన్నట్టు.

అక్టోబరు 14

చెప్పాను. "ఆ హల్ ఆవిడ సంగతి, కానిద్దాం. నాకైతే తొందరగా అయిపోతేనే మంచిది."

నెవిల్ చాలాసేపు బాణలిలోకి చూశాడు. "సరే అయితే," అన్నాడు. "నువ్వు సంతోషంగా ఉంటే చాలు."

"నేను బ్రహ్మాండంగా ఉన్నాను."

ఇంటికొచ్చి పిల్లికి రెండుసార్లు తిండి పెట్టాను, మర్చిపోయి.

అక్టోబరు 20, శుక్రవారం

ఆవిడ వచ్చింది. పేరు లియాన్. ముప్పై అయిదు ఉంటాయేమో, బడి వంటింట్లో పని చేస్తుంది. వాళ్ల బామ్మ ఇల్లు అమ్మిన డబ్బు చేతిలో ఉంది, అందుకని త్వరగా తేల్చేసుకోవచ్చునట. చెడ్డదైతే సుఖంగా ఉండేది. చెడ్డది కాదు. పొయ్యి స్టీలు మీద అరచెయ్యి ఆనించి, గుర్రాన్ని నిమిరినట్టు నిమిరింది.

"పిండి ఎలా కలుపుతారు?" అని అడిగింది నెవిల్‌ని. "అందరూ దాని గురించే చెప్తారు."

"పిండీ, నీళ్లూ," అన్నాడు నెవిల్.

"అంతేనా?"

"అంతే. అందులో ఏముంది?"

లియాన్ నావైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. కొట్టు అమ్మేవాడికి ఇంకా పిండి మీద ఏం పంతమో నాకు అర్థం కాలేదు.

అర్థం కానిది ఇంకొకటి. ఆవిడ వెళ్లాక నెవిల్ వెనక తలుపుకి రంగు వేయడం మొదలుపెట్టాడు. ముదురాకుపచ్చ. "పెచ్చులూడుతోంది," అన్నాడు. పదేళ్లుగా ఊడుతోంది అది. కొనేవాళ్ల కోసం కాబోలు, బావుండాలని. కానీ ఆవిడ ఆల్రెడీ చూసి వెళ్లిపోయిందిగా?

నవంబరు 1, బుధవారం

కిటికీకి కాగితం అంటించాం. "ఈ నెల మధ్యలో కొట్టు చేతులు మారుతుంది. ఇన్నాళ్లూ వచ్చినందుకు థాంక్స్." నేనే రాశాను. మొదట ఇంకో వాక్యం రాసి కొట్టేశాను.

జనం ఏమంటారో అని పొద్దున్నించీ తలుపు వైపే చూశాను. ఏమన్నారు? ఏమీ అనలేదు. చదివి, "ఓహో, అలాగా," అన్నారు. "కాస్త వెనిగర్ ఎక్కువ వెయ్యమ్మా," అన్నారు. ఏళ్లుగా మా కొట్టుకొచ్చే హార్కర్ గారైతే కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, వాటిని మళ్లీ జేబులో పెట్టుకుని, "ఎప్పుడో ఒకరోజు అవ్వాల్సిందేగా. చిన్న హడాక్ ఒకటి, పలుకులు వేసి," అన్నాడు. పలుకులంటే బాణలిలో రాలిన పిండి ముక్కలు, ఆయనకి ప్రాణం.

అంతే. ఇన్నేళ్ల నుంచీ వీళ్ల పిల్లలకి, పిల్లల పిల్లలకి పొట్లాలు కట్టాను. నాకేదో బాధగా ఉందని కాదు. ఆశ్చర్యంగా ఉంది.

ఆలోచిస్తుంటే, ఏదైనా ముఖ్యం కాదని చెప్పడానికి మా దగ్గర ఎన్ని మాటలున్నాయో లెక్కే లేదు. పట్టించుకోకు. వదిలేయ్. దానికేముంది. నేనేం నిద్ర పోగొట్టుకోను. టీకప్పులో తుఫాను. ముఖ్యమని చెప్పడానికి మాత్రం ఒక్క మాట తట్టి చావదు. ఉందేమో, మాకు నేర్పలేదు. చిన్నప్పుడు నేను సైకిల్ మీంచి పడి మోకాలు చీల్చుకుని వస్తే అమ్మ చూసి, "అక్కడేం లేదు," అనేది. రక్తం కారుతుంటే ఏం లేకపోవడం ఏంటో నాకు తెలిసేది కాదు. కాసేపటికి నాకు కూడా ఏం లేనట్టే ఉండేది.

హార్కర్ గారిదే చూడు. ఆయన ఇల్లు కొండచరియ అంచున ఉంది. మా తీరంలో సముద్రం ఏటా కొంత నేల తినేస్తుంది. రెండేళ్ల కిందట ఒక చలికాలం పొద్దున లేచి చూస్తే ఆయన తోట సగం లేదు, భార్య నాటిన గులాబీలతో సహా. మర్నాడు కొట్టుకొచ్చి, "కాస్త నేల తగ్గింది. పర్లేదులే, గడ్డి కోసే పని తప్పింది," అన్నాడు. మేమంతా నవ్వాం. ఆ రోజు ఆయన చేప సగం తిని వదిలేశాడు.

ఇది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో.

నవంబరు 3

బంగాళాదుంపల రైతు ఫోన్ చేశాడు. వచ్చే మార్చికి నెవిల్ చెప్పిన సరుకు ఖాయమేనా అని. మార్చికి! నెవిల్‌ని అడిగితే, "అలవాటులో చెప్పేశా. పెద్ద విషయమేం కాదు," అన్నాడు.

మతిమరుపు కూడా మొదలైనట్టుంది. గుండె, ఇప్పుడు మతి. తొందరగా అయిపోవాలి ఇది.

నవంబరు 10, శుక్రవారం

కాళ్లు తెగిపోతున్నాయి, కానీ రాయకపోతే మర్చిపోతాను.

సాయంత్రం కొట్టు తెరిచేసరికి క్యూ ఉంది. నవంబరులో! వాన, పక్కకి కొట్టే వాన, సముద్రం మీంచి గాలి. క్యూ మందుల షాపు దాటి, మలుపు తిరిగి, ఎక్కడిదాకా పోయిందో కనిపించలేదు. ఎవరైనా చచ్చిపోయారేమో, అంత్యక్రియల నుంచి వస్తున్నారేమో అనుకున్నాను. అందరూ మామూలు బట్టల్లోనే ఉన్నారు.

"ఏంటి విశేషం?" అని అడిగాను మొదటావిడని.

"విశేషమా? ఏం లేదే. వంట చేయబుద్ధి కాలేదు."

రెండో ఆయన ఊరికే ఇటు పోతున్నాడట. మూడో ఆవిడ పదిహేను మైళ్ల దూరం నుంచి ఊరికే ఇటు పోతోంది. పెద్ద తొట్టెడు బంగాళాదుంపలు అయిపోయి, నెవిల్ రెండోసారి చెక్కు తీయడానికి వెళ్లాల్సి వచ్చింది. హార్కర్ గారు మూడు రోజులుగా రోజూ వస్తున్నాడు. ఆయనకి వారానికి ఒక్కసారే అలవాటు.

"డాక్టరు కొవ్వు తినొద్దన్నాడుగా మిమ్మల్ని?" అన్నాను.

"కుర్రాడు వాడు. వాడికేం తెలుసు." పొట్లం తీసుకుని వెంటనే వెళ్లలేదు. కౌంటరు మీద వేళ్లతో తట్టాడు, రెండుసార్లు. "సరే మరి, తల్లీ," అన్నాడు. తలుపు దగ్గర ఆగి గడియారం వైపు చూసి వెళ్లాడు.

ఒక్కరు కూడా కొట్టు గురించి ఒక్క ముక్క అనలేదు. అందరూ తడిసి ముద్దయ్యారు. నేను వెనక గదిలోకి వెళ్లి ఉల్లిపాయల జాడీ ముందు నిలబడ్డాను కాసేపు. మూత పెట్టే ఉంది.

నవంబరు 13

వచ్చే శుక్రవారం సంతకాలు. అవి అయ్యేదాకా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చునట, లాయరమ్మ ఫోన్లో చెప్పింది. "అలాంటిదేం ఉండదులెండి," అన్నాను.

నవంబరు 15

నిద్ర పట్టడం లేదు. పిల్లి వల్ల.

నవంబరు 17, శుక్రవారం

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. చేతులు ఇంకా చేపల వాసనే.

లాయరు ఆఫీసు మేడ మీద ఉంది, కిటికీలోంచి లైట్‌హౌస్ కనిపిస్తుంది. నెవిల్ టై కట్టుకొచ్చాడు. నాన్న అంత్యక్రియలకు కట్టుకున్నది, తనకి అదొక్కటే ఉంది. లాయరమ్మ కాగితాలు మా ముందు పెట్టి, "ఇద్దరికీ ఇష్టమేగా?" అని అడిగింది. అడగాలి కాబట్టి అడిగినట్టు.

"ఆఁ, పర్లేదు," అన్నాడు నెవిల్.

ఆవిడ నావైపు తిరిగింది. నాకూ మాట నోట్లో సిద్ధంగానే ఉంది. అనేసేదాన్నే. నెవిల్ పెన్ను అందుకున్నాడు. అప్పుడు తన గోళ్లు చూశాను. గోళ్ల సందుల్లో ముదురాకుపచ్చ రంగు, ఇంకా తడి ఆరినట్టు లేదు. ఈ రోజు పొద్దున్నే, సంతకానికి వచ్చేముందు, తను ఆ వెనక తలుపుకి ఇంకో పూత వేసి వచ్చాడు.

"నాకు పట్టింపు ఉంది," అన్నాను.

గొంతు నాది కాదనిపించింది. లాయరమ్మ, "ఏమన్నారు?" అంది.

"నాకిష్టం లేదు. అసలు ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు."

నెవిల్ పెన్ను కింద పెట్టాడు. "చెప్పొచ్చుగా," అన్నాడు.

"నువ్వూ చెప్పొచ్చుగా!"

"అమ్మేద్దామన్నది నువ్వు."

"నేనెప్పుడన్నాను?"

"ఆగస్టులో. జుట్టులో వాసన పోదని, ఎవరైనా కొనుక్కుంటే పుణ్యమని. అందరి ముందూ అన్నావు. నీ కోసమేగా ఆవిడని వెతికింది నేను? ఆవిడ చెయ్యలేదు ఫోను, నేనే చేశా."

"అది నా మోకాళ్లు అన్న మాట, నెవిల్! సెలవు రోజు ఎవడైనా అంటాడు!"

"నాకెలా తెలుస్తుంది?"

"మరి నీ గుండె సంగతేంటి?"

"నా గుండెకేమైంది?"

"ఉల్లిపాయల రోజు. తొట్టి పట్టుకుని, ఊపిరాడక."

తన మొహం మళ్లీ అలాగే ఎర్రబడింది. లాయరమ్మ కాగితాలు ఒకసారి సర్దింది, సర్దినవే మళ్లీ సర్దింది. నెవిల్ టై ముడి వదులు చేసుకున్నాడు.

"ఆ రోజు పొద్దున ఆవిడని వచ్చి కొట్టు చూసుకోమని చెప్పా," అన్నాడు. "ఏడ్చాను, గ్లెండా. చాలా? ఏడుస్తున్నా అప్పుడు."

"టీ తీసుకుంటారా?" అంది లాయరమ్మ.

సంతకాలు చేయలేదు. టీ తాగాం.

వ్యానులో నెవిల్ తాళం తిప్పి, మళ్లీ కట్టేసి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. ఆపిన వ్యాను, కట్టేసిన ఇంజను.

"నెవిల్, ఏంటి?"

"ఏం లేదు."

ఇన్నేళ్లూ అక్కడితో ఊరుకునేదాన్ని. ఈసారి, "ఏం లేదంటే ఏముందో చెప్పు. చెప్పేదాకా దిగను," అన్నాను. చెప్పాడు. నాన్న గురించి, మేడ మీద ఒక్కడే ఉండే ఆదివారాల గురించి. అదంతా ఇక్కడ రాయను, అది తనది. చెప్తున్నంతసేపూ ముందు అద్దం వైపే చూస్తూ చెప్పాడు. నేనూ అటే చూశాను.

కొట్టుకు వెళ్లేసరికి తెరిచే వేళ ఎప్పుడో దాటిపోయింది. ఇదే ఆఖరి రోజనుకుని అందరూ వచ్చారు. అదే వాన, అదే క్యూ. ముందు హార్కర్ గారు, టోపీలోంచి నీళ్లు కారుతూ. "ఆలస్యం చేశాం, క్షమించండి," అన్నాను.

"పర్లేదులే, తల్లీ," అన్నాడు.

జనానికి తలుపు తీయకముందే, వెనక నుంచి లోపలికెళ్లి కిటికీ మీది కాగితాన్ని చింపేశాను. అందరూ చూస్తుండగా. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎందుకని అడగలేదు. వెనక ఎవరో గట్టిగా ముక్కు చీదారు. హార్కర్ గారు లోపలికొచ్చి, చాలాసేపు ధరల బోర్డు చదివాడు, ఎప్పుడూ చదవనివాడు. "ఈ రోజు పెద్ద హడాక్ ఇవ్వు," అన్నాడు.

నవంబరు 19, ఆదివారం

సుఖపడ్డాం కదా అని ఊరుకుంటే కుదరదు. లియాన్ ఉంది.

లాయరు ద్వారా కబురు వెళ్లిపోయింది కానీ, ఇద్దరం హల్ వెళ్లాం. చిన్న ఇల్లు. టీ ఇచ్చింది, పళ్లెంలో బిస్కెట్లు గుండ్రంగా పేర్చింది. నెవిల్ క్షమాపణ చెప్పాడు, బిస్కెట్లకి చెప్తున్నట్టు.

"అయ్యో, దానికేముంది," అంది లియాన్, నవ్వుతూ. "ఇలాంటివి జరుగుతుంటాయి. మీరసలు మనసులో పెట్టుకోకండి. నిజంగా పర్లేదు."

నెల కిందటైతే ఆ టీ తాగి, ఎంత మంచి పిల్లో అనుకుంటూ ఇంటికొచ్చి హాయిగా పడుకునేదాన్ని. ఇప్పుడు ఆ నవ్వు చూస్తుంటే నాకు మా అమ్మ, ఆ పోలీసాయన గుర్తొచ్చారు. కప్పు కింద పెట్టాను.

"లియాన్, మేం చేసింది తప్పు. పర్లేదని అనకు. ఉన్నది చెప్పు."

నవ్వు కాసేపు అలాగే ఉంది, తర్వాత పోయింది. బడిలో పని మానేస్తానని చెప్పేసిందట. వాళ్లమ్మాయి కొట్టు బొమ్మ గీసి, కౌంటరు వెనక తల్లిని పెట్టి, ఫ్రిజ్ తలుపుకి అంటించిందట. "రెండు రోజుల నుంచి ఆ బొమ్మ తియ్యలేక చస్తున్నా," అంది. "మీ ఇద్దరి మీదా కోపంగా ఉంది. చాలా కోపంగా ఉంది. మా బామ్మ పోయాక నేను ఒక్కటంటే ఒక్కటి కోరుకున్నా."

"కోపం ఉండాలి," అన్నాను. ఇంకేం తోచలేదు. నాకు సిగ్గుగా ఉంది, ఇప్పుడు రాస్తుంటే కూడా.

నెవిల్ ఒక బిస్కెట్టు తీసుకుని, తినకుండా, రెండు ముక్కలు చేసి, ఆ ముక్కల్ని పక్కపక్కన పెట్టాడు.

"బడిలో పని తిరిగి ఇస్తారా?" అని అడిగాడు.

"ఇవ్వరు."

"మాకూ మనిషి కావాలి. గ్లెండాకి మోకాళ్లు." గొంతు సవరించుకున్నాడు. "మేమిద్దరం ఎల్లకాలం ఉండం. తర్వాత ఎవరో ఒకరు చూసుకోవాలి. తెలిసినవాళ్లయితే మంచిది." ఇంకా బిస్కెట్టు వైపే చూస్తున్నాడు. "మంగళవారం పొద్దున వస్తే పిండి కలపడం చూపిస్తా. నీకు తీరికుంటేనే. పెద్ద విషయమేం కాదు."

నేను నెవిల్ మొహం వైపు చూడలేకపోయాను. నాన్న తనకొక్కడికే, తలుపు వేసుకుని, చూపించిన పిండి అది.

లియాన్ కళ్లు తుడుచుకుని, ఖాళీ కప్పులు ఒక దానిలో ఒకటి పెట్టింది. "చూస్తాను," అంది. "కుదిరితే."

నాకు తెలుసు, లియాన్ మంగళవారం చీకటితోనే వచ్చేస్తుంది. నేను కూడా ముందే వెళ్తాను. నాకూ చూడాలని ఉంది.